కనుమ దాటితే ముక్తినాథ్

హిమాలయాలనగానే మనకు శిఖరాలు గుర్తొస్తాయి. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం శతాబ్దాలపాటు శిఖరంతో పనే పడలేదు. దేవుళ్లుండే చోటని దూరం నుంచే దణ్ణం పెట్టి తమ పని చూసుకునేవారు. వాళ్లకు కావలసింది కొండకు అవతల ఉన్న ఊరు: అక్కడి ఉప్పు, ఉన్ని, ఒక్కోసారి అక్కడి పెళ్లిసంబంధం. అందుకని వాళ్లకు ముఖ్యమైనవి కనుమలు. నేపాల్‌లో మనాంగ్, ముస్తాంగ్ జిల్లాలను కలిపే థొరోంగ్ లా అలాంటి కనుమే. ఎత్తు 5,416 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అతి ఎత్తయిన కొండల్లో ఒకటైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. అలాంటి కొండలు మూడు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా ఈ కనుమను అందుకోలేవు. అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే ప్రసిద్ధమైన ట్రెక్కింగ్ దారిలో అతి ఎత్తయిన చోటు ఇదే. ఆ దారినే పట్టుకుని, నచ్చిన చోటల్లా పక్కదారి తొక్కుతూ పోగేసిన విశేషాలివి.

కొండ ఎక్కడుందో ఎవరికీ తెలియదు

1950లో ఫ్రాన్స్ నుంచి మారిస్ హెర్జోగ్ నాయకత్వంలో ఒక బృందం అన్నపూర్ణ ఎక్కుదామని వచ్చింది. తీరా వచ్చాక చేతిలో ఉన్న పటం తప్పుల తడక అని తేలింది. 8,091 మీటర్ల కొండ ఎదురుగా ఎక్కడో ఉంది కానీ దాని కాళ్లదగ్గరికి వెళ్లే దారేదో అంతుపట్టలేదు. వారాల తరబడి లోయలన్నీ గాలించారు. ఆ వెతుకులాటలోనే హెర్జోగ్ తిలిచో సరస్సు దిక్కునుంచి మనాంగ్ దాకా వెళ్లి, అక్కడ తిండిగింజలు కూడా దొరక్క ఆకలితో వెనక్కి తిరిగాడు. చివరికి జూన్ 3న హెర్జోగ్, అతని సహచరుడు లషెనాల్ శిఖరం చేరారు. మనిషి ఎక్కిన మొట్టమొదటి ఎనిమిదివేల మీటర్ల కొండ అదే. మంచు కొరుకుడుకి కాళ్లవేళ్లు ఇద్దరూ పోగొట్టుకున్నారు. హెర్జోగ్‌కు చేతివేళ్లు కూడా పోయాయి.

హెర్జోగ్‌కు తిండి దొరకని ఆ మనాంగ్‌లో ఇప్పుడు బేకరీలున్నాయి. ఆపిల్ పై, కాఫీ దొరుకుతాయి. ఆ ప్రాంతాన్ని విదేశీ యాత్రికులకు తెరిచింది 1977లో. అంతకు ముందు మనాంగ్ వాళ్లే విదేశాలకు వెళ్లేవారు. 18వ శతాబ్దం చివరలో నేపాల్ రాజులు వాళ్లకు ప్రత్యేక వ్యాపార రాయితీలిచ్చారు. మూడున్నర వేల మీటర్ల ఎత్తులో బార్లీ పండించుకునే ఊరి జనం బర్మా, సింగపూర్, హాంకాంగ్ దాకా వెళ్లి వ్యాపారాలు చేశారు.

డబ్బు కట్టి కొండల్లో నడవడమనే వ్యాపారం మాత్రం మొన్నమొన్నటిదే. బ్రిటిష్ సైన్యంలో గూర్ఖా అధికారిగా పనిచేసి రిటైరైన జిమ్మీ రాబర్ట్స్ నేపాల్‌లో తొలి ట్రెక్కింగ్ సంస్థ పెట్టాడు. 1965లో ఆయన వెంట నడిచిన తొలి ఖాతాదారులు ముగ్గురు అమెరికన్ మహిళలు.

బోర్డు చెప్పిన ఎత్తు

కనుమల మీద ఉండే బోర్డుల్ని పూర్తిగా నమ్మకూడదు. లద్దాఖ్‌లోని ఖర్దుంగ్ లా మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది. ప్రపంచంలో వాహనాలు తిరిగే అతి ఎత్తయిన రోడ్డు అదేనని చొక్కాల మీద కూడా అచ్చేసి అమ్మారు. జీపీఎస్‌తో కొలిస్తే తేలింది 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగులకు కాస్త తక్కువ. లద్దాఖ్‌లోనే ఉమ్లింగ్ లా మీదుగా సరిహద్దు రహదారుల సంస్థ వేసిన రోడ్డు 19,024 అడుగుల ఎత్తుతో 2021లో గిన్నిస్ రికార్డు అందుకుంది. మోటారు సైకిళ్లమీద ఖర్దుంగ్ లా వెళ్లొచ్చిన మన కుర్రాళ్లు పాత చొక్కాలు ఇంకా వేసుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఉడకని అన్నం, ఎత్తు చెప్పే నీళ్లు

ఎత్తుకు వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా ఒకటే, దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. ఐదున్నర వేల మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. అంటే థొరోంగ్ లా మీద ఒక శ్వాసతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆక్సిజన్, విశాఖ బీచిలో పీల్చేదాంట్లో ఇంచుమించు సగం.

ఇదే ఒత్తిడి వంటింట్లోనూ ఇబ్బంది పెడుతుంది. ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మనాంగ్‌లో 88 డిగ్రీల దగ్గరే నీళ్లు తెర్లుతాయి, కనుమ మీదైతే 82 దగ్గరే. ఎసరు కళపెళలాడుతూ కనిపిస్తుంది కానీ అందులో వేసిన బియ్యం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. మంట పెంచి లాభం లేదు, మరిగే నీరు అంతకు మించి వేడెక్కదు. అందుకే ఆ దారిలో ప్రతి లాడ్జి వంటింట్లోనూ ప్రెషర్ కుక్కర్ ఈలలు వేస్తూ ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగి నీళ్ల వేడి మళ్లీ 110 డిగ్రీలు దాటుతుంది. నేపాలీ దాల్‌భాత్ ఆ ఎత్తులో పళ్లెంలోకి వస్తోందంటే ఆ ఘనత కుక్కర్‌దే.

ఇక్కడొక పక్కదారి. ఇదే సూత్రంతో టిబెట్ ఎత్తును రహస్యంగా కొలిచిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు నైన్‌సింగ్ రావత్, ఊరు కుమావూఁ హిమాలయాల్లోని మిలం, వృత్తి బడిపంతులు. విదేశీయులకు టిబెట్ తలుపులు మూసేసిన రోజుల్లో బ్రిటిష్ సర్వే శాఖ ఆయనకు రెండేళ్లు శిక్షణ ఇచ్చింది. చదునులో, ఎక్కుడులో, దిగుడులో, ఎక్కడైనా ఒకే కొలత అంగ వేయడం నేర్చుకున్నాడు. రెండువేల అంగలైతే ఒక మైలు. లెక్క తప్పకుండా ఉండటానికి చేతిలో జపమాల. బౌద్ధుల మాలలో 108 పూసలుంటాయి, ఈయన మాలలో వందే. నూరు అంగలకొక పూస జారుతుంది. చేతిలో తిప్పే ప్రార్థన చక్రంలో మంత్రాలకు బదులు కొలతల కాగితాలు. నక్షత్రాల ఎత్తు చూడటానికి కావలసిన పాదరసం గవ్వల్లో పోసి మూసి పెట్టుకున్నాడు. రాత్రిపూట అందరూ పడుకున్నాక టీ కాచుకుంటున్నట్టు నీళ్లు మరిగించి, దాచుకున్న థర్మామీటరు అందులో ముంచేవాడు. మరిగే వేడిని బట్టి ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టేవారు. 1866 జనవరిలో లాసా చేరిన ఈ పంతులుగారికి 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. ట్రెక్కింగ్ యాప్‌లో అడుగులు లెక్కపెట్టుకుని మురిసిపోయేవాళ్లు ఈయన పేరు ఒకసారి తలుచుకోవాలి.

తలనొప్పి కొండ

ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి తొలి ప్రస్తావనల్లో ఒకటి చైనా హాన్ వంశ చరిత్రలో ఉంది. క్రీ.పూ. 30 ప్రాంతంలో ఒక అధికారి, పడమటి దేశాలకు రాయబారుల్ని పంపవద్దని వాదిస్తూ దారిలో పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ ఉన్నాయని చెప్పాడు. అక్కడ మనుషులకు ముఖం పాలిపోయి, తల పగిలిపోయి, వాంతులవుతాయట. గాడిదలకూ పశువులకూ కూడా అదే పరిస్థితి అని చేర్చాడు. క్రీ.శ. 5వ శతాబ్దం ఆరంభంలో ఫాహియాన్ భారతదేశానికి వస్తూ, నేటి ఆఫ్ఘనిస్తాన్ వైపు మంచుకొండల్లో తోటి యాత్రికుణ్ణి కోల్పోయాడు. ఆ మనిషి నోటినుంచి తెల్లని నురగ వచ్చిందని రాశాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్ల అయి ఉండొచ్చని నేటి వైద్యులు కొందరి అనుమానం. 16వ శతాబ్దంలో టిబెట్ మీద దండెత్తిన మీర్జా హైదర్ దుఘ్లాత్ దీన్ని దమ్‌గీరీ అన్నాడు, అంటే ఊపిరి పట్టేయడం. యుద్ధంలోకన్నా దీనివల్లే తన మనుషులూ గుర్రాలూ ఎక్కువ ఇబ్బంది పడ్డారని ఆయన రాతలు చదివితే అనిపిస్తుంది.

దీన్ని శాస్త్రీయంగా లెక్కపెట్టింది 1970ల్లో. ఎవరెస్ట్ దారిలోని ఫెరిచే అనే చిన్న ఊళ్లో 278 మంది ట్రెక్కర్లను పరీక్షిస్తే 53 శాతం మందికి ఈ ఎత్తు జబ్బు లక్షణాలు కనిపించాయి. 1976లో లాన్సెట్ పత్రిక ఆ అధ్యయనాన్ని అచ్చేసింది. కింద నుంచి నడిచి వచ్చినవాళ్లకన్నా విమానంలో లుక్లాలో దిగి నడక మొదలుపెట్టినవాళ్లకే బాధ ఎక్కువ అని కూడా తేలింది. జిమ్‌లో కండలు పెంచినవాడికి ఇందులో ప్రత్యేక రాయితీ ఏమీ లేదు. పైపెచ్చు బలముంది కదా అని వాడు త్వరగా ఎక్కేసి త్వరగా పడకేస్తాడు.

ఇప్పుడు వైద్యులు చెప్పే లెక్క తేలికే. మూడువేల మీటర్లు దాటాక, నిన్న పడుకున్న ఎత్తుకన్నా ఇవాళ పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండు రాత్రులు ఉండాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా సరే, రాత్రికి దిగొచ్చి పడుకోవాలి. అందుకే థొరోంగ్ లా వెళ్లేవాళ్లు మనాంగ్‌లో ఒక రోజు అదనంగా ఆగుతారు. 1973లో మొదలైన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అక్కడ వైద్య కేంద్రం నడుపుతోంది. సీజన్‌లో డాక్టర్లు ఈ జబ్బు గురించి ట్రెక్కర్లకు క్లాసు చెబుతారు.

సోడా రుచి పోగొట్టే మాత్ర

ట్రెక్కర్ల సంచుల్లో కనిపించే డయామాక్స్ మాత్ర అసలు గ్లాకోమా, అంటే కంటి నీటికాసుల జబ్బుకు వాడే మందు. మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపి రక్తంలో ఆమ్లాన్ని కొంచెం పెంచుతుంది. దాంతో మెదడు ఊపిరిని వేగం చేస్తుంది. శరీరం నాలుగైదు రోజుల్లో తనంతట తాను చేసుకునే సర్దుబాటును మందు తొందరపెడుతుందన్నమాట. వేళ్లు చిమచిమలాడటం దీనితో మామూలే. ఇంకో వింత: కార్బన్ డయాక్సైడ్ చురుకును నాలుకకు తెలిపే ఎంజైమును కూడా ఇది అడ్డుకుంటుంది. కోకాకోలా తాగితే తీపి నీళ్లలా ఉంటుంది. బాటిల్ పాతదని కొట్టువాడితో గొడవపడేముందు పొద్దున ఏ మాత్ర వేసుకున్నామో గుర్తుచేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

ఆ ఎత్తుల్లో రాత్రిపూట పక్కమంచం మనిషి ఊపిరి వింటే గుండె ఆగినంత పనవుతుంది. గబగబా నాలుగైదు శ్వాసలు, ఆపైన పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం, ఒక్కసారిగా పెద్ద శ్వాస. ఆక్సిజన్ తక్కువైందని మెదడు ఊపిరిని తరుముతుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోతుంది, అది పడిపోయిందని మళ్లీ ఊపిరిని ఆపుతుంది. ఆరోగ్యవంతులకు కూడా ఇది సహజం. కంగారుపడి లేపితే ఆ మనిషి నిద్ర పాడవడం తప్ప ప్రయోజనం ఉండదు.

నిజంగా ప్రాణం మీదికొస్తే చేయాల్సింది ఒక్కటే, కిందికి దిగడం. దిగే వీలు లేనప్పుడు గామోవ్ బ్యాగ్ అనే గాలిసంచి ఉంది. రోగిని అందులో పడుకోబెట్టి జిప్ వేసి, కాలితో పంపు కొడుతూ లోపలి ఒత్తిడి పెంచుతారు. మనిషి కొండమీదే ఉంటాడు కానీ, అతని ఊపిరితిత్తులకు మాత్రం పదిహేను వందల మీటర్లో ఇంకా ఎక్కువో కిందికి దిగినట్టు ఉంటుంది. దీన్ని తయారుచేసిన ఈగర్ గామోవ్, బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి పేరుపడ్డ భౌతికశాస్త్రవేత్త జార్జ్ గామోవ్ కొడుకు.

డోకో, నామ్లో, టోక్మా

ఈ మూడూ నేపాలీ పోర్టరు సరంజామా. డోకో వెదురు బుట్ట. నామ్లో దాన్ని నుదుటి మీదుగా మోసే పట్టీ. టోక్మా పొట్టి చేతికర్ర. అలసినప్పుడు బుట్ట దించకుండా దాని కింద ఈ కర్ర ఆనించి నిలబడే సేదదీరతారు. దించితే మళ్లీ ఎత్తుకోవడమే అసలు శ్రమ.

2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఎవరెస్ట్ వైపున్న నామ్చే బజారు దారిలో పోర్టర్లను తూకం వేసి చూసింది. మగవాళ్లు మోస్తున్నది సగటున తమ బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం. ఒంటి బరువును మించి మోసేవాళ్లకూ కొదవలేదు. అంత మోస్తూ వాళ్లు ఖర్చుపెట్టే శక్తి, అదే భారం వీపు సంచిలో మోసే ఐరోపా వాళ్లకన్నా తక్కువ. నెమ్మదిగా నడవడం, మాటిమాటికి ఆగడం, రోజంతా నడవడం. వాళ్ల పద్ధతిలో పైకి కనిపించేది ఇంతే.

చాలామంది ట్రెక్కర్లకు తెలియని సంగతి ఇంకొకటి. పోర్టర్లంతా షెర్పాలు కారు. ఎక్కువమంది దిగువ కొండల్లో వరి, మొక్కజొన్న పండించుకునే రైతులు. ఎత్తు వాళ్లకూ కొత్తే, జబ్బు వాళ్లకూ వస్తుంది. 1997లో థొరోంగ్ లా దారిలో ఒక పోర్టరు జబ్బుపడితే లెక్క చూసి డబ్బులిచ్చి ఒంటరిగా కిందికి పంపేశారు. అతను ప్రాణాలతో మిగల్లేదు. పోర్టర్ల హక్కుల కోసం పనిచేసే అంతర్జాతీయ బృందం ఒకటి ఆ చావు తర్వాతే పుట్టింది. పోర్టరుకు చలికోటు, బూట్లు, నల్లకళ్లద్దాలు, బీమా ఇస్తున్నారా అని ట్రెక్కింగ్ కంపెనీని ముందే అడగడం మన చేతుల్లో ఉన్న పని. బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయి చివరికి ఎవరి జేబులోంచి పోతుందో చెప్పనక్కర్లేదు.

అంతరించిన చుట్టాల ఆస్తి

టిబెటన్లకూ షెర్పాలకూ ఎత్తు ఎందుకు పడుతుంది? ఎత్తులో మనలాంటి వాళ్ల శరీరం ఎర్రకణాలను తెగ తయారుచేస్తుంది, రక్తం చిక్కబడుతుంది. టిబెటన్ల శరీరం ఆ తొందర పడదు. ఈపాస్1 అనే జన్యువులో వాళ్లకున్న ప్రత్యేక రూపమే దీనికి ముఖ్య కారణమని 2010లో తేలింది. 2014లో ఇంకా ఆశ్చర్యం: ఆ రూపం, ఏనాడో అంతరించిపోయిన డెనిసోవన్లు అనే మరో మానవజాతి నుంచి వచ్చిందట. ఎప్పుడో వేల తరాల కిందట జరిగిన ఒక కలయిక, ఇవాళ మన సంచి మోస్తూ మనకన్నా ముందు నడిచే మనిషి రక్తంలో పనిచేస్తోంది.

రాత్రి ప్రయాణం చేసే బాతులు

తలమీద రెండు నల్ల పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ బాతులు ఏటా చలికాలం దక్షిణ భారతంలోని చెరువుల దాకా వస్తాయి. ఎవరెస్ట్ మీదుగా ఎగిరి వస్తాయని పుస్తకాల్లో చదివాం. వీపులకు జీపీఎస్ కట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒక బాతు 7,290 మీటర్ల దాకా వెళ్లిన మాట నిజమే కానీ, ఎక్కువ సమయం అవి ఎగిరేది 5,500 మీటర్ల లోపే. అవీ కనుమలే వెతుక్కుంటాయి. నేల ఎక్కితే తామూ ఎక్కుతాయి, దిగితే దిగుతాయి. ఒకే ఎత్తులో ఎగరడంకన్నా అలా పోవడమే శక్తిపరంగా లాభమని లెక్కలో తేలింది. పగలు లోయల్లోంచి పైకి వీచే గాలి తోడున్నా దాన్ని వదిలేసి, రాత్రిపూటా తెల్లవారుజామునా ఎగురుతాయి. చల్లటి గాలి కాస్త చిక్కగా ఉంటుంది, ఆటుపోట్లూ తక్కువ. భారతదేశం వైపు మైదానం నుంచి బయల్దేరి ఏడెనిమిది గంటల్లో హిమాలయాలు ఎక్కేస్తాయి. మధ్యలో మనాంగ్‌లో ఆగి రెండు రాత్రులు పడుకోవడమనే బాధ వాటికి లేదు.

కనుమకు పడమటి వైపున్న కాళీగండకీ లోయ కొంగల రహదారి. అక్టోబరులో డెమోయిసెల్ కొంగలు వేల సంఖ్యలో ఆ లోయ వెంట దక్షిణానికి దిగుతాయి. వాటికోసం బంగారు గద్దలు కాపు కాస్తుంటాయి.

కనుమ దాటే మనుషులకు కూడా టైము ఆ బాతులదే. కనుమ కింది మజిలీలైన థొరోంగ్ ఫేదీ నుంచో హైక్యాంపు నుంచో ట్రెక్కర్లు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే, తలకు లైటు కట్టుకుని బయల్దేరతారు. తొమ్మిది పది దాటితే కనుమ మీద గాలి మనిషిని తోసేసేలా లేస్తుంది. ఎండకు మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది. కనుమ మీదున్న చిన్న రాతిగుడిసెలో టీ దొరికితే తాగి, జెండాల దగ్గర ఫొటో దిగి, అరగంట లోపే అవతలికి దిగిపోవడం వివేకం. నల్లకళ్లద్దాలు ఫొటో కోసమైనా తీయకండి. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతం పైగా పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి కళ్లలోకే కొడుతుంది. కళ్లద్దాలు లేని రోజుల్లో టిబెటన్లు కళ్లకు అడ్డంగా జడలబర్రె వెంట్రుకలు కట్టుకునేవారు.

విశాఖ తుపాను, నేపాల్ మంచు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఊళ్లో చెట్టన్నది లేకుండా పోయింది, ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు. మనలో చాలామందికి ఆ కథ అక్కడితో ముగిసింది.

తుపాను మాత్రం అక్కడితో ఆగలేదు. బలహీనపడి వాయుగుండంగా మారి ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి సాగింది. బంగాళాఖాతం నీళ్లన్నీ మూటగట్టుకుని హిమాలయాల దాకా వెళ్లాక, పడమటి నుంచి వస్తున్న చల్లగాలి ద్రోణి దానికి ఎదురైంది. కింద వానగా పడాల్సింది పైన మంచుగా పడింది. అక్టోబరు 14న థొరోంగ్ లా ప్రాంతంలో పన్నెండు గంటల వ్యవధిలో మనిషి నిలువెత్తున మంచు పేరుకుంది.

అక్టోబరు అంటే నేపాల్‌లో ట్రెక్కింగ్‌కు బంగారు మాసం. వర్షాలు వెళ్లిపోయి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. ఆ ధీమాతోనే ఆ రోజు వేకువన చాలామంది కనుమవైపు బయల్దేరారు. కొందరు రాతిగుడిసెలో తలదాచుకున్నారు, కొందరు దిగిపోదామని బయల్దేరి తెల్లటి చీకట్లో దారి తప్పారు. అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో కలిపి 43 మంది చనిపోయారు. వాళ్లలో విదేశీ ట్రెక్కర్లున్నారు, గైడ్లు, పోర్టర్లున్నారు, స్థానిక పశువుల కాపరులున్నారు. వందలమందిని హెలికాప్టర్లలో దించారు. నేపాల్ ట్రెక్కింగ్ చరిత్రలో అంత పెద్ద ప్రమాదం అంతకు ముందు లేదు.

ఇక్కడ నన్ను కలచివేసేది ఒకటే. విశాఖలో తుపాను వస్తోందని రోజుల ముందే హెచ్చరించారు, లక్షలమందిని ఖాళీ చేయించారు. వెయ్యి కిలోమీటర్ల అవతల, రెండు రోజుల తర్వాత అదే తుపాను చేరేసరికి కనుమ మీదున్నవాళ్లకు ఆ కబురే అందలేదు. ఆ తర్వాత వాతావరణ సమాచారం, దారి గుర్తులు, గైడ్ల గురించి నేపాల్‌లో చాలా చర్చ నడిచింది. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడు లేకుండా వెళ్లకూడదన్న నిబంధన కూడా వచ్చింది. అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు.

హుద్‌హుద్ పేరు పెట్టింది ఒమన్. తలమీద విసనకర్రలా విప్పుకునే కుచ్చు ఉన్న కూకుడుగువ్వకు అరబ్బీలో ఆ పేరు. ఆ పిట్ట కూడా వలస వెళ్తూ హిమాలయాలు దాటుతుంది. 1921లో ఎవరెస్ట్‌కు వెళ్లిన తొలి బృందం సుమారు 6,400 మీటర్ల ఎత్తులో దాన్ని చూసింది.

హైదరాబాద్ లాబ్‌లో రూప్‌కుండ్ ఎముకలు

ఇక్కడ మరో పక్కదారి. ఉత్తరాఖండ్‌లో ఐదువేల మీటర్ల ఎత్తున, జూనార్‌గలీ అనే కనుమకు కాస్త దిగువన, రూప్‌కుండ్ అనే చిన్న గుంట ఉంది. 1942లో ఒక ఫారెస్టు రేంజరు అక్కడ వందలమంది ఎముకలు చూశాడు. నందాదేవి యాత్రకు నాట్యకత్తెలతో ఆడంబరంగా వచ్చిన రాజు పరివారమని, దేవి కోపగించి ఇనుప గుండ్లలాంటి వడగళ్లు కురిపించిందని స్థానికుల కథ. అందరూ ఒకే తుపానులో చనిపోయారని పరిశోధకులు కూడా చాలాకాలం అనుకున్నారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 38 మంది డీఎన్ఏ చదివారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లలో 23 మంది దక్షిణాసియా వాళ్లు, క్రీ.శ. 800 ప్రాంతం వాళ్లు, అదీ అందరూ ఒకేసారి పోయినట్టు లేదు. ఒకరు ఆగ్నేయాసియా మనిషి. మిగిలిన 14 మంది మధ్యధరా సముద్రపు తూర్పు తీరాల వాళ్లు, నేటి గ్రీసు, క్రీట్ జనానికి దగ్గరి వాళ్లు. వాళ్ల కాలం క్రీ.శ. 1800 ప్రాంతం. అంటే వెయ్యేళ్ల తేడాతో వేర్వేరు జనం అదే గుంట పక్కన ప్రాణాలు విడిచారు. గ్రీకు దేశపు ఆడా మగా హిమాలయాల్లో ఆ మూలకు ఏం పనిమీద వచ్చారో ఏ కాగితంలోనూ దొరకలేదు.

ఇటు వాన, అటు ఎడారి

మళ్లీ మన దారికొస్తే, అన్నపూర్ణకు దక్షిణాన, పోఖరా దగ్గరి లుమ్లేలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నేపాల్‌లో అంత తడి ఊరు లేదు. కొండకు అవతల జోమ్‌సోమ్‌లో 300 మిల్లీమీటర్లు కూడా పడదు, అనంతపురం కన్నా ఎండు ప్రాంతం అది. రెండిటి మధ్య తిన్నగా కొలిస్తే అరవై కిలోమీటర్లు లేవు. మేఘాలన్నీ ఇటే దిగి ఖాళీ అయిపోతాయి. అందుకే కనుమ దిగేవాడికి పచ్చదనం మాయమై, బూడిదరంగు కొండలూ మట్టి మిద్దెలూ ఎదురవుతాయి.

శాలగ్రామాల ఏరు

కనుమ మీది నుంచి పదహారు వందల మీటర్లు దిగితే ముక్తినాథ్. మోకాళ్లు ఎక్కడున్నాయో అంతవరకు పట్టించుకోనివాళ్లకు ఆ దిగుడులో తెలుస్తుంది. శ్రీవైష్ణవుల 108 దివ్యదేశాల్లో భూమ్మీద, భారతదేశం బయట ఉన్నది ఇదొక్కటే. తిరుమంగై ఆళ్వార్ పాశురాలు పాడిన సాలగ్రామ క్షేత్రం ఇదేనని సంప్రదాయం. గుడి వెనక 108 గోముఖాల నుంచి ఐసు నీళ్లు పడుతుంటాయి. బౌద్ధులకు కూడా ఇది పుణ్యస్థలమే. పక్కనే జ్వాలామాయి గుడిలో, నేలలోంచి వచ్చే సహజవాయువు నీటి పక్కనే సన్నని మంటగా వెలుగుతూ ఉంటుంది.

మన ఇళ్లలో పూజాపీఠం మీద ఉండే శాలగ్రామాలు ఈ కింది కాళీగండకీ నదిలో దొరికేవే. నల్లటి గుండ్రాయి లోపల చక్రంలా కనిపించేది అమోనైట్ అనే సముద్రజీవి గుల్ల. దాని వయసు పదిహేను కోట్ల సంవత్సరాల దరిదాపు. భారత భూఖండం వచ్చి ఆసియాను గుద్దకముందు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది. ఐదుకోట్ల ఏళ్ల కిందట ఆ గుద్దుడు మొదలై సముద్రగర్భమే కొండలై లేచింది. ఎవరెస్ట్ కొసన ఉన్న రాయి కూడా సముద్రంలో పుట్టిన సున్నపురాయే. గుంటూరులోనో రాజమండ్రిలోనో తులసి నీళ్లతో అభిషేకం అందుకునే రాయి, జురాసిక్ కాలంలో ఈదిన ప్రాణి అని తెలిస్తే నా మట్టుకు నాకు భక్తి పెరిగిందే తప్ప తగ్గలేదు.

ముక్తినాథ్‌కు ఇప్పుడు జీపులూ బస్సులూ వెళ్తాయి. తెలుగు యాత్రికులు చాలామంది ఆ దారినే వస్తారు. జోమ్‌సోమ్‌కు విమానం పట్టుకునేవాళ్లు తెల్లవారే ఉండాలి. పదకొండు దాటితే కాళీగండకీ లోయలో గాలి ఈడ్చి కొడుతుంది, చిన్న విమానాలు కదలవు. కనుమ దాటి వచ్చిన ట్రెక్కరు ముక్తినాథ్‌లో హాయిగా ఊపిరి పీలుస్తుంటే, పొద్దున పోఖరాలో బయల్దేరి జీపులో వచ్చిన మనవాళ్లు గుడిమెట్ల దగ్గరే కూలబడటం మామూలు దృశ్యం. పోఖరా 800 మీటర్ల చిల్లర, ముక్తినాథ్ 3,700 పైన. ఫెరిచేలో డాక్టర్లు లెక్కపెట్టిన సంగతే ఇక్కడా. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు జోమ్‌సోమ్‌లోనో పక్కనున్న మార్ఫాలోనో ఒక రాత్రి ఆగి, మర్నాడు పైకి వెళ్లి, దర్శనం చేసుకుని ఆ సాయంత్రమే దిగిపోవడం మేలు. మార్ఫా చుట్టూ ఆపిల్ తోటలు. 1966లో అక్కడ పెట్టిన ఉద్యాన క్షేత్రం పుణ్యమా అని ఊరంతా ఆపిళ్లే. ఎండబెట్టిన ముక్కలు పొట్లాలు కట్టి అమ్ముతారు, ఇంటికి తెచ్చుకోవడానికి బాగుంటాయి.